చూడవలసినదే చూసే పొర
జి.డి. నాయుడు స్మృతికి అంకితంగా పళనిలో చేసిన ఉపన్యాసం

 ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, తరగతి గదిలో ఇంగ్లీషు మాట్లాడుతూ తరతరాలుగా జీవిస్తున్న వారి ఎదుట ఒక భౌతికశాస్త్ర విషయాన్ని ఇంటి భాషలోనే వివరించే ప్రయత్నమిది.

ఈ ఉపన్యాసం ఎవరి స్మృతికి అంకితమో ఆ గోపాలస్వామి దొరస్వామి నాయుడు, అంటే లోకం జి.డి. నాయుడుగా ఎరిగిన మహనీయుడు, 1893 మార్చి 23న కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక తెలుగు కుటుంబంలో జన్మించి, 1974 జనవరి 4న కన్నుమూశారు. బడిచదువు ఆయనకు పెద్దగా సాగలేదు. కూలి డబ్బు కూడబెట్టి కొన్న మోటారు సైకిల్‌ను విప్పి, మళ్లీ బిగించి, యంత్రమంటే ఏమిటో స్వయంగా తెలుసుకున్నారు. 1920లో ఒక బస్సు కొని పొల్లాచ్చికీ ఈ పళనికీ మధ్య తానే నడిపారు. ఆ ఒక్క బస్సే తరువాత యూనివర్సల్ మోటార్ సర్వీసుగా ఎదిగింది. దేశీయంగా తయారైన తొలి విద్యుత్ మోటారుగా పేరొందినదాన్ని 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరులో రూపొందించారు. విద్యుత్ క్షౌరయంత్రం, కిరసనాయిలుతో తిరిగే పంకా, పండ్లరసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం వంటివి ఆయన ఆలోచనల నుంచి పుట్టినవి. 1945లో కోయంబత్తూరులో సాంకేతిక విద్యాసంస్థల స్థాపనకూ ఆయనే పూనుకున్నారు.

కొనుక్కున్న పరికరాన్ని మూసిన పెట్టెగా వదిలేయకుండా దాని లోపలి భాగం ఎలా తయారైందో తెలుసుకోవాలన్న పట్టుదల ఆయన జీవితమంతటా కనిపిస్తుంది. అతినీలలోహిత కాంతిని పసిగట్టే శోధకం, అంటే డిటెక్టర్, నేడు అనేక పరికరాల్లో అటువంటి మూసిన పెట్టెగానే మన చేతికి వస్తున్నది. దాని గుండెకాయ వంటి భాగం వెంట్రుక మందంలో నూరో వంతుకు మించని ఒక పలుచని పొర. రెండు మూడు లోహాల ఆక్సైడ్‌లు కలిసి పెరిగిన అర్ధవాహక పొర. అటువంటి శోధకం విలువ అది ఏ కాంతిని చూస్తుందనే దానిపై ఎంత ఆధారపడుతుందో, ఏ కాంతిని చూడకుండా ఉంటుందనే దానిపై అంతకంటే ఎక్కువగా ఆధారపడుతుందనీ, ఆ విచక్షణను పొర పెరిగే వేళలోనే అందులో నింపాలే తప్ప తరువాత అతికించడం కష్టమనీ, కనుక పొరను పెంచే విద్యే ఈ శాస్త్రానికి మూలమనీ నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

1. పళని కొండల మీద పడే కాంతి

కంటికి కనిపించే కాంతి ఊదారంగు దగ్గర, సుమారు 400 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ముగుస్తుంది. నానోమీటరు అంటే మీటరులో నూరుకోట్లవ వంతు. దానికి అవతల ఒక కాంతి ఉందని 1801లో జర్మనీలో యోహాన్ విల్‌హెల్మ్ రిట్టర్ కనుగొన్నాడు. వర్ణపటంలో ఊదారంగు దాటిన చోట, కంటికి ఏమీ కనిపించని చోట, వెండి లవణం మరింత వేగంగా నల్లబడడం ఆయన గమనించాడు. ఈ అతినీలలోహిత కాంతిని శాస్త్రజ్ఞులు మూడు భాగాలు చేశారు: 400 నుంచి 315 నానోమీటర్ల వరకు ఎ, 315 నుంచి 280 వరకు బి, 280 నుంచి 100 వరకు సి. సూర్యుడు మూడింటినీ పంపుతాడు. వాతావరణం పైపొరలలోని ఆక్సిజన్, ఓజోన్ వాయువులు సి భాగాన్ని దాదాపు పూర్తిగా మింగివేస్తాయి, ఓజోన్ బి భాగంలో అధికాంశాన్ని ఆపుతుంది, ఎ భాగం మాత్రం చాలావరకు నేలకు చేరుతుంది. చర్మాన్ని కమిలించేదీ, కంటికి హాని చేసేదీ, శరీరంలో విటమిన్ డి తయారయ్యేందుకు తోడ్పడేదీ ముఖ్యంగా ఆ మిగిలిన కొద్దిపాటి బి భాగమే.

పళని ఉత్తర అక్షాంశం పదిన్నర డిగ్రీల దగ్గర ఉన్నది కనుక ఏప్రిల్ మూడో వారంలో ఒకసారి, ఆగస్టు చివరి వారంలో మరొకసారి మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆకాశంలోని ఓజోన్‌నంతా సముద్రమట్టపు ఒత్తిడికి కుదిస్తే భూమి మీద సగటున మూడు మిల్లీమీటర్ల పొర ఏర్పడుతుందని లెక్క. ఉష్ణమండలంలో అది ఇంకా పలుచన. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లు పెరిగినకొద్దీ అతినీలలోహిత తీవ్రత సుమారు పదోవంతు పెరుగుతుంది కనుక, ఈ ఊరికి ఎదురుగా నిలిచిన పళని కొండల పైభాగం ఈ కాంతికి దేశంలోనే బాగా గురయ్యే ప్రదేశాల్లో ఒకటి.

ఆ కొండల మీదే, సుమారు 2,343 మీటర్ల ఎత్తున, 1899లో నెలకొన్న కొడైకెనాల్ సౌర పరిశోధనాలయం ఉన్నది. సూర్యమచ్చలలోని వాయువులు బయటికి ప్రవహిస్తున్నాయని 1909లో జాన్ ఎవర్షెడ్ కనుగొన్నది అక్కడే. దృశ్యకాంతికి అవతలి అంచున, 393 నానోమీటర్ల దగ్గర కాల్షియం వెలువరించే కాంతిలో సూర్యుడి చిత్రాలను ఇరవయ్యో శతాబ్దపు తొలి దశకం నుంచి తీసి భద్రపరచినదీ అక్కడే. ఆక్స్‌ఫర్డ్ శాస్త్రజ్ఞుడు జి.ఎం.బి. డాబ్సన్ 1920ల చివర ప్రపంచం నలుమూలలా ఓజోన్‌ను కొలవదలచి తన వర్ణపట లేఖినులను పంపినప్పుడు, కాలిఫోర్నియాలోని టేబుల్ మౌంటెన్, ఈజిప్టులోని హెల్వాన్, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్‌తో పాటు ఎంచుకున్న స్థలం కొడైకెనాల్. అక్కడ సూర్యకాంతి సోకిన ఫోటో పలకలను ఓడల మీద ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి పంపితే, కొలతలు ఆక్స్‌ఫర్డ్‌లో తీసేవారు. అతినీలలోహిత కాంతిని కొలిచే విద్య ఈ ప్రాంతానికి దాదాపు నూరేళ్ల క్రితమే చేరిందని ఈ సభలోని విద్యార్థులు గుర్తుంచుకోవడం మంచిది.

2. చూడకుండా ఉండడమనే సమస్య

డాబ్సన్ ఎదుర్కొన్న ప్రధాన సమస్య కాంతి చాలకపోవడం కాదు. ఆయనకు కావలసిన 300 నానోమీటర్ల పరిసరాల కాంతి అతి స్వల్పం, దాని పక్కనే ఉన్న దృశ్యకాంతి అపారం. పరికరం లోపల చెదిరిన దృశ్యకాంతి ఫోటో పలక మీద పడి అసలు గుర్తును ముంచివేసేది. అందుకు ఆయన క్లోరిన్, బ్రోమిన్ ఆవిరుల మిశ్రమాన్ని వడపోతగా వాడి, దృశ్యకాంతిని అడ్డుకుని, అతినీలలోహితాన్ని మాత్రం సాగనిచ్చాడు. ఈ రంగంలో ఆ తరువాత జరిగిన ప్రయత్నాలన్నీ ఒక విధంగా ఆ వడపోతను వదిలించుకోవడానికి చేసినవే.

నేటి కెమెరాలలోనూ కాంతిమాపకాలలోనూ ఎక్కువగా ఉండేది సిలికాన్. అర్ధవాహకంలో ఎలక్ట్రాన్లు మామూలుగా బంధాలలో చిక్కుకుని ఉంటాయి. ఆ స్థితిని సంయోజక పట్టీ అనీ, అవి విడివడి స్వేచ్ఛగా కదిలే స్థితిని వహన పట్టీ అనీ, రెండింటి మధ్య ఎలక్ట్రాన్‌కు నిలిచే చోటు లేని శక్తి వ్యత్యాసాన్ని శక్తి అంతరం అనీ అంటారు. కాంతి కణం, అంటే ఫోటాన్, ఈ అంతరం కంటే ఎక్కువ శక్తి తెస్తేనే ఎలక్ట్రాన్ విడివడి విద్యుత్తు పారుతుంది. తక్కువ తెస్తే ఆ ఫోటాన్ పదార్థానికి లేనట్లే లెక్క. విద్యార్థులు ఒక చిన్న సూత్రం రాసుకోవచ్చు: 1240ని ఎలక్ట్రాన్ వోల్టులలో చెప్పిన శక్తి అంతరంతో భాగిస్తే, ఆ పదార్థం ఎన్ని నానోమీటర్ల వరకు చూడగలదో తెలుస్తుంది. సిలికాన్ అంతరం 1.12 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే అది సుమారు 1,100 నానోమీటర్ల వరకు, దృశ్యకాంతినంతటినీ పరారుణంలో కొంతనూ చూస్తుంది. పైగా అతినీలలోహిత కాంతి సిలికాన్ ఉపరితలం నుంచి కొద్ది నానోమీటర్ల లోతులోనే ఆగిపోతుంది. అక్కడి లోపాలలో ఎలక్ట్రాన్లు చిక్కి, గుర్తు క్షీణిస్తుంది.

ఈ ఇబ్బందిని దాటడానికి మన శాస్త్రజ్ఞులు వేసిన బాటలు రెండు కనిపిస్తాయి. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత దూరదర్శిని కోసం దృశ్యకాంతికి స్పందించని ప్రత్యేక ఫోటోకాథోడ్‌లను, అంటే ఫోటాన్ తాకితే శూన్యంలోకి ఎలక్ట్రాన్‌ను వదిలే పూతలను, ఎంచుకున్నారు. 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య ఎల్1లోని సౌర అతినీలలోహిత దూరదర్శిని 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య సూర్యుడిని చిత్రిస్తుంది. అందులో సిలికాన్ శోధకం ఉన్నందున కావలసిన కాంతిని ఏరడానికి 11 వడపోతలు అమర్చారు. రెండూ గొప్ప విజయాలే. అయితే శూన్యనాళిక, అధిక వోల్టేజి, ఖరీదైన వడపోతలు ఒక ఉపగ్రహానికి తగినవి. వెల్డింగు చేసే కార్మికుడి దగ్గరో, పత్తిమిల్లు గోడ మీదో, గ్రామ నీటిశుద్ధి పెట్టెలోనో పెట్టే శోధకానికి ఆ భారం సరిపోదు. అక్కడ పదార్థమే వడపోత కావాలి.

ఆ గుణం లోహ ఆక్సైడ్‌లకు సహజంగా ఉన్నది. జింక్ ఆక్సైడ్ అంతరం 3.37 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక అది 368 నానోమీటర్ల దగ్గర చూపు ఆపుతుంది. టిన్ ఆక్సైడ్ 3.6తో సుమారు 344 దగ్గర, గాలియం ఆక్సైడ్ సుమారు 4.9తో 253 దగ్గర ఆపుతాయి. దృశ్యకాంతి వీటి గుండా గాజులోంచి పోయినట్లు పోతుంది. అతినీలలోహితం మాత్రం కొన్ని వందల నానోమీటర్ల మందం గల పొరలోనే పూర్తిగా ఇంకిపోతుంది. అందువల్లనే పెద్ద స్ఫటికం అవసరం లేకుండా పలుచని పొర చాలుతుంది.

3. ఎందుకు కలపాలి

ప్రకృతి ఇచ్చిన ఆక్సైడ్‌లకు ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంచు మాత్రమే ఉన్నది. మన అవసరాలు ఆ అంచుల మధ్య ఎక్కడెక్కడో ఉంటాయి. చర్మాన్ని కమిలించే బి భాగాన్ని మాత్రమే కొలవాలంటే చూపు 315 దగ్గర ఆగాలి. పట్టపగలు ఎండలో చిన్న మంటను గుర్తించాలన్నా, హైటెన్షన్ తీగల మీద కరోనా విద్యుత్ స్రావాన్ని పట్టుకోవాలన్నా 280 కంటే దిగువనే చూడాలి, ఎందుకంటే సూర్యుడి నుంచి ఆ కాంతి నేలకు చేరదు కనుక అక్కడ కనిపించిన ప్రతి ఫోటాన్ మంట నుంచో స్రావం నుంచో వచ్చినదే అవుతుంది. ఇటువంటి శోధకాలను సూర్యాంధ శోధకాలు అంటారు. జింక్ ఆక్సైడ్ ఒక్కటే ఈ రెండు పనులకూ చాలదు. అది ఎ భాగంలో సగానికి పైగా చూసేస్తుంది.

మెగ్నీషియం ఆక్సైడ్ అంతరం సుమారు 7.8 ఎలక్ట్రాన్ వోల్టులు. జింక్ ఆక్సైడ్ స్ఫటికంలో కొన్ని జింక్ అయాన్ల స్థానంలో మెగ్నీషియం అయాన్లను కూర్చోబెడితే, రెండింటి పరిమాణం దాదాపు ఒకటే కనుక స్ఫటికం పెద్దగా వంగదు, అంతరం మాత్రం క్రమంగా పెరుగుతుంది. 1998లో జపాన్‌లో ఒహ్టోమో, కవాసకి తదితరుల బృందం మెగ్నీషియం వాటాను 33 శాతం వరకు పెంచి అంతరాన్ని సుమారు 4 ఎలక్ట్రాన్ వోల్టులకు చేర్చింది. ఆ లెక్కన ప్రతి ఒక్క శాతం మెగ్నీషియానికి 0.02 ఎలక్ట్రాన్ వోల్టుల కంటే కొంచెం తక్కువ పెరుగుదల వస్తుంది. 315 నానోమీటర్ల అంచు కావాలంటే 3.94 ఎలక్ట్రాన్ వోల్టులు, అంటే సుమారు 30 శాతం మెగ్నీషియం అవసరమని కాగితం మీద తేలుతుంది. అదే లెక్క మరొక సంగతి కూడా చెబుతుంది: వాటా ఒక్క శాతం తప్పితే అంచు దాదాపు ఒకటిన్నర నానోమీటర్లు జరుగుతుంది. సూర్యకాంతి 320 నుంచి 295 నానోమీటర్లకు వచ్చేసరికి అనేక రెట్లు తగ్గిపోయే ఆ సన్నని ప్రాంతంలో ఒకటిన్నర నానోమీటర్లు చిన్న పొరపాటు అనిపించుకోదు.

ఇక్కడే ప్రకృతి ఒక అడ్డు కూడా పెట్టింది. జింక్ ఆక్సైడ్‌లో ప్రతి జింక్ అయాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్‌లు ఉండగా, మెగ్నీషియం ఆక్సైడ్‌లో ప్రతి మెగ్నీషియం చుట్టూ ఆరు ఉంటాయి. రెండు స్ఫటికాల నిర్మాణమే వేరు. కొలిమిలో నిదానంగా కాల్చి సమతాస్థితికి రానిస్తే జింక్ ఆక్సైడ్ సుమారు 4 శాతం మెగ్నీషియాన్ని మించి ఇముడ్చుకోదు. మిగిలినది విడిపోయి వేరే స్ఫటికమవుతుంది. 33 శాతం సాధ్యమైనది పదార్థాన్ని సమతాస్థితికి రానీయకుండా, పరమాణువులు విడిపోయే వ్యవధి ఇవ్వకుండా పొరగా పెంచినందువల్లనే. మిశ్రమం ఎంత అన్న ప్రశ్నకు జవాబు ఎలా పెంచారన్న ప్రశ్నలోనే ఇమిడి ఉన్నదనడానికి ఇంతకంటే స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

కలపడం వల్ల విడిగా లేని గుణం పుడుతుందన్న భావన ఈ క్షేత్రానికి కొత్తది కాదు. భోగర్ సిద్ధుడు తొమ్మిది పాషాణాలను మేళవించి ఇక్కడి మూలమూర్తిని రూపొందించాడని భక్తులు తరతరాలుగా విశ్వసిస్తున్నారు. భక్తి విషయం భక్తికి చెందినది. పదార్థాలను మేళవించే విద్య మీద ఈ నేలకున్న గౌరవాన్ని మాత్రం శాస్త్ర విద్యార్థి తన బలంగా భావించవచ్చు.

4. పొర ఎలా పెరుగుతుంది

పొరను పెంచే పద్ధతులు అనేకం. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటిది లేజర్ తాకిడితో పొరను నిక్షేపించడం. జింక్, మెగ్నీషియం ఆక్సైడ్ పొడులను కలిపి, బిళ్లగా నొక్కి, కాల్చి గట్టిపరచి, శూన్యపాత్రలో ఉంచి, 248 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్ కాంతిని సెకనులో కోట్ల వంతుల వ్యవధిగల తునకలుగా దాని మీద ప్రయోగిస్తారు. ప్రతి తాకిడికీ బిళ్ల ఉపరితలం వేడెక్కి ఆవిరై, మెరుస్తున్న జ్వాలగా ఎగసి, ఎదురుగా ఉన్న వేడి నీలమణి పలక మీద, అంటే సఫైర్ మీద, పొరగా పేరుకుంటుంది. పాత్రలోకి కొద్దిగా ఆక్సిజన్‌ను వదులుతారు. భారతదేశంలో పుట్టి పెరిగిన టి. వెంకటేశన్ బృందం 1987లో అమెరికాలోని బెల్‌కోర్ ప్రయోగశాలలో అతివాహక ఆక్సైడ్ పొరలను ఈ పద్ధతిలో విజయవంతంగా పెంచిన తరువాత ఇది ప్రపంచమంతటా వ్యాపించింది.

2001లో వెంకటేశన్, ఆర్.డి. విస్పుతే మొదలైన వారు సభ్యులుగా ఉన్న మేరీల్యాండ్ విశ్వవిద్యాలయ బృందం 34 శాతం మెగ్నీషియం గల పొరను నీలమణి మీద ఈ విధంగా పెంచి, దాని మీద రెండు చేతుల వేళ్లను ఒకదాని సందుల్లో ఒకటి దూర్చినట్లుండే లోహపు గీతలు వేసి, అతినీలలోహిత శోధకాన్ని తయారుచేసింది. అది 308 నానోమీటర్ల దగ్గర అత్యధికంగా స్పందించింది. 400 నానోమీటర్ల దృశ్యకాంతికి దాని స్పందన అందులో పదివేల వంతుకంటే తక్కువ. వడపోత ఏదీ లేకుండా, కేవలం మిశ్రమ నిష్పత్తి వల్లనే పదివేల రెట్ల విచక్షణ సిద్ధించింది. 5 వోల్టుల వద్ద ఒక వాట్ కాంతికి 1,200 ఆంపియర్ల చొప్పున స్పందన వచ్చింది. ఒక్క ఫోటాన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ చొప్పున లెక్కిస్తే ఆ తరంగదైర్ఘ్యం వద్ద పావు ఆంపియర్‌కు మించకూడదు. అంతకు వేల రెట్లు రావడానికి కారణం, విడివడిన ఎలక్ట్రాన్ నశించేలోగా వలయంలో అనేకసార్లు ప్రసరించడం.

రెండో పద్ధతి వేడి పలక మీద ద్రావణాన్ని తుంపరగా చల్లడం. 1966లో చాంబర్లిన్, స్కార్మన్ ఈ పద్ధతిలో పొరల తయారీని వివరించిన తరువాత మన దేశంలోని విశ్వవిద్యాలయాలు దీన్ని విరివిగా స్వీకరించాయి. తిరుపతిలోని శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం దశాబ్దాలుగా పలుచని పొరల పరిశోధనకు పేరుపొందినది. జింక్ ఎసిటేట్, మెగ్నీషియం ఎసిటేట్‌లను నీటిలోనో ఆల్కహాలులోనో కరిగించి, సంపీడిత గాలితో సన్నని తుంపరగా చేసి, సుమారు 350 నుంచి 450 డిగ్రీల సెల్సియస్ వేడిమి గల గాజుపలక మీద చల్లితే, ద్రవం ఆవిరై, లవణాలు విచ్ఛిన్నమై, ఆక్సైడ్ పొర మిగులుతుంది. ఇందుకు శూన్యపాత్ర అక్కరలేదు. ఒక కంప్రెసర్, ఒక ముక్కుగొట్టం, నిలకడగా వేడినిచ్చే పలక, ఉష్ణోగ్రతను పట్టి ఉంచే నియంత్రకం చాలు.

రెండు పద్ధతులకూ ఖర్చులో కొండంత తేడా ఉన్నా వాటిని శాసించే నియమాలు ఒకటే. ద్రావణంలోనో బిళ్లలోనో మనం కలిపిన నిష్పత్తి పొరలో అలాగే ఉంటుందన్న హామీ లేదు. జింక్ సులభంగా ఆవిరయ్యే లోహం కనుక, వేడి పెరిగితే పలక మీదికి చేరిన జింక్‌లో కొంత తిరిగి ఎగిరిపోయి, పొరలో మెగ్నీషియం వాటా బిళ్లలో ఉన్నదానికంటే పెరుగుతుంది. వేడి తగ్గితే పరమాణువులు తమ స్థానాలకు చేరేంత కదలిక లేక స్ఫటికాలు చిన్నవై వాటి మధ్య హద్దులు పెరుగుతాయి. తుంపర బిందువులు పెద్దవైతే పలకను చల్లార్చి మచ్చలు చేస్తాయి. మరీ చిన్నవైతే దారిలోనే ఎండి పొడిగా రాలుతాయి. ఆధారంగా వాడిన పలక స్ఫటికం కూడా పొరను నిర్దేశిస్తుంది: నీలమణి మీద జింక్ ఆక్సైడ్ ఒకే దిశలో వరుసగా పెరగగలదు, మామూలు గాజు మీద చిన్న చిన్న స్ఫటికాల సముదాయంగా పెరుగుతుంది. ఉష్ణోగ్రత, వాయు పీడనం, పొర పెరిగే వేగం, పలక అనే నాలుగింటి మీద పట్టు సాధించిన వాడికే నిష్పత్తి మీద పట్టు దొరుకుతుంది.

5. ఆక్సిజన్ అనే మూడో భాగస్వామి

నిష్పత్తి కుదిరినంత మాత్రాన శోధకం సిద్ధం కాదు. పొరలో ఉండవలసిన చోట ఆక్సిజన్ లేకపోతే ఏర్పడే ఖాళీలు అంతరం మధ్యలో అనవసరమైన శక్తిస్థానాలను సృష్టిస్తాయి. వాటి ద్వారా తక్కువ శక్తి గల దృశ్యకాంతి కూడా ఎలక్ట్రాన్లను విడిపించగలుగుతుంది. అంటే మిశ్రమంతో సంపాదించిన విచక్షణను లోపాలు వెనుక దారిలో కొల్లగొడతాయి. లోపాల వల్ల చీకటిలోనూ పొరలో విద్యుత్తు పారి, బలహీనమైన కాంతి గుర్తు అందులో కలిసిపోతుంది.

జింక్ ఆక్సైడ్ కుటుంబానికి మరొక స్వభావం ఉన్నది. చీకటిలో గాలిలోని ఆక్సిజన్ అణువులు పొర ఉపరితలానికి అంటుకుని, లోపలి ఎలక్ట్రాన్లను పట్టుకుని, నిరోధాన్ని పెంచుతాయి. అతినీలలోహిత కాంతి పడినప్పుడు ఎలక్ట్రాన్‌తో పాటు దాని ఖాళీస్థానం, అంటే రంధ్రం కూడా పుడుతుంది; ఆ రంధ్రం ఉపరితలానికి చేరి ఆక్సిజన్‌ను విడిపిస్తుంది, జోడు కోల్పోయిన ఎలక్ట్రాన్ పొరలో చాలాసేపు తిరుగుతూ విద్యుత్తును పెంచుతుంది. అందువల్ల స్పందన గొప్పగా కనిపిస్తుంది గాని, కాంతి ఆపిన తరువాత ఆక్సిజన్ నిదానంగా తిరిగి అంటుకునే వరకు, కొన్ని పొరలలో నిమిషాల పాటు, కొన్నింటిలో గంటల పాటు కూడా విద్యుత్తు తగ్గదు. దీన్ని నిలిచిపోయే కాంతివాహకత అంటారు. రోజంతటి ఎండను కూడబెట్టి కొలిచే పరికరం దీన్ని కొంతవరకు సహించగలదు. మంటను గుర్తించి నీటితెరను తెరవవలసిన పరికరం సహించలేదు.

కనుక పొర పెరిగేటప్పుడు ఆక్సిజన్ ఎంత ఇవ్వాలి, పెరిగిన తరువాత ఏ వాయువులో ఎంత వేడిమి వద్ద ఎంతసేపు ఉంచి లోపాలను మాన్పాలి అన్నవి తుది మెరుగులుగా భావించదగినవి కావు. శోధకం ఎంత వేగంగా మరచిపోయి మళ్లీ చూడగలదో నిర్ణయించేవి అవే. అధిక స్పందన, అధిక వేగం రెండూ ఒకేసారి దొరకడం అరుదు. ఏ పనికి ఏది కావాలో ముందే నిశ్చయించుకుని, దానికి తగినట్లు పొరను పెంచడమే వివేకం.

6. పొరను పరీక్షించే నిజాయితీ

విద్యార్థులు ఈ భాగాన్ని ప్రత్యేకంగా గమనించాలని కోరిక. ఒక పొరను పెంచాక మొదట తెలుసుకోవలసినది పొరలోని అసలు నిష్పత్తి. బాటిల్‌లో కలిపిన శాతాన్ని పొర శాతంగా ప్రకటించడం తప్పుదారి. ఎక్స్‌కిరణాల ద్వారా మూలకాలను గుర్తించే కొలతతో దాన్ని నిర్ధారించాలి. రెండోది, స్ఫటికం ఒక్కటేనా, విడిపోయి రెండయ్యాయా అన్నది. ఎక్స్‌కిరణ వివర్తనం ఆ సంగతి చెబుతుంది. మూడోది, పొర గుండా ఏ తరంగదైర్ఘ్యం వరకు కాంతి పోతున్నదో కొలిచి అంచును గుర్తించడం; అంచు నిటారుగా పడిపోతే నిష్పత్తి అంతటా ఒకటే అనుకోవచ్చు, వాలుగా పడితే చోటుచోటుకూ మారుతున్నదనో లోపాలు పెరిగాయనో అనుమానించాలి. నాలుగోది, కాంతి వేసినప్పుడు విద్యుత్తు ఎంత పెరిగిందన్న దానితో పాటు, ఆపినప్పుడు ఎంతసేపటికి తగ్గిందన్నది కూడా నమోదు చేయడం. ఐదోది, గాలిలో తేమ మారినప్పుడు, నెలలు గడిచినప్పుడు అదే పొర అదే జవాబు ఇస్తున్నదా అన్నది.

ఒకే ఒక్క అద్భుతమైన పొర ఒక పరిశోధన వ్యాసానికి చాలవచ్చు. ఒక పరికరానికి మాత్రం ఈ రోజు పెరిగిన పొర, వచ్చే నెల పెరిగిన పొర ఒకే అంచు దగ్గర చూపు ఆపాలి. శాస్త్రం పరిశ్రమగా మారే చోట కొలమానం ఇదే.

7. ఈ నేలకు చెందిన పని

మిశ్రమ ఆక్సైడ్ పొరలు ప్రయోగశాలలకే పరిమితమైన వింతలని ఎవరైనా భావిస్తే, వారు నేటి టెలివిజన్ తెరలను గమనించవచ్చు. 2004లో జపాన్‌లో హిదేయో హోసోనో బృందం ఇండియం, గాలియం, జింక్ ఆక్సైడ్‌ల మిశ్రమ పొరతో ట్రాన్సిస్టర్లను రూపొందించిన తరువాత, ఆ మిశ్రమం తెరల పరిశ్రమలోకి ప్రవేశించింది. గది ఉష్ణోగ్రత దగ్గర కూడా పెంచగలిగిన పొర అది. వంగే ప్లాస్టిక్ మీద సైతం పనిచేసింది. గాలియం ఆక్సైడ్‌తో అల్యూమినియం ఆక్సైడ్‌ను కలిపి అంచును ఇంకా లోపలికి జరిపే పని ఇప్పుడు అనేక దేశాలలో సాగుతున్నది.

కోయంబత్తూరు, దిండిగల్, మదురై ప్రాంతానికి ఈ పనిలో పాల్గొనే అర్హత ఉన్నదని చెప్పడానికి ఆధారాలు ఉన్నాయి. మోటార్లు, పంపులు, పోతపని, మిల్లు యంత్రాల తయారీలో తరాల అనుభవం ఉన్న నగరం కోయంబత్తూరు. తెలుగు దాతల కుటుంబం 1926లో స్థాపించిన పీఎస్‌జీ ధర్మసంస్థ నుంచి ఎదిగిన విద్యాసంస్థలు, భారతియార్ విశ్వవిద్యాలయం అక్కడ ఉన్నాయి. మదురైలో కామరాజ్ విశ్వవిద్యాలయం, దిండిగల్ దగ్గర గాంధీగ్రామ్ గ్రామీణ విశ్వవిద్యాలయం, కారైక్కుడిలో కేంద్ర విద్యుద్రసాయన పరిశోధన సంస్థ ఉన్నాయి. ఈ పళనిలోనే అరుళ్మిగు పళనియాండవర్ కళాశాల ఉన్నది. మెగ్నీషియం ఆక్సైడ్‌కు మూలమైన మాగ్నసైట్ ఖనిజం సేలం దగ్గరి కొండలలో దొరుకుతుంది; పరిశోధనకు కావలసిన స్వచ్ఛతకు దాన్ని శుద్ధి చేయడమూ ఒక సాధించదగిన పనే. తుంపర పద్ధతికి కావలసిన కంప్రెసర్, వేడిపలక, నియంత్రకం వంటివి తయారుచేయగల చేతులు ఇక్కడ పుష్కలంగా ఉన్నాయి.

అవసరమూ ఇక్కడే ఉన్నది. ఆర్క్ వెల్డింగు వెలువరించే బి, సి భాగాల కాంతికి కళ్లు మండి రాత్రంతా నిద్రలేక బాధపడే కార్మికులు ఈ ప్రాంతపు ప్రతి పారిశ్రామికవాడలో కనిపిస్తారు. మొదటి మంటను వెంటనే గుర్తించవలసిన పత్తి గోదాములు, శివకాశి బాణసంచా కేంద్రాలు ఉన్నాయి. 254 నానోమీటర్ల దీపంతో నీటిని శుద్ధిచేసే పెట్టెలో ఆ దీపం నిజంగా తగినంత కాంతి ఇస్తున్నదో లేదో గృహిణికి తెలిపే సాధనం చాలా చోట్ల లేదు. పొలంలో రోజంతా నిలిచే రైతుకు ఏ గంటలో ఎండ హానికరమో తన ఊరి కొలతతో చెప్పే మాపకం లేదు. వీటిలో ఒక్కొక్కదానికి ఒక్కొక్క అంచు, ఒక్కొక్క వేగం కావాలి. అంటే ఒక్కొక్క నిష్పత్తి, ఒక్కొక్క పెంపకం కావాలి. దూరదేశపు కర్మాగారం ఒకే రకం శోధకాన్ని లక్షల సంఖ్యలో చేస్తుంది. స్థానిక అవసరానికి తగిన అంచును ఎంచుకుని పెంచడం దగ్గరున్న వారికే తెలిసిన పని.

ఇందుకు ఒక ఆచరణీయమైన ప్రతిపాదనను ఈ సభ ముందు ఉంచడం ఉచితం. ఈ ప్రాంతపు కళాశాలలు కొన్ని కలిసి, ఒకే రకపు తుంపర యంత్రాన్ని ఇక్కడి పనిశాలలోనే చేయించుకుని, ఒకే ద్రావణంతో, ఒకే ఉష్ణోగ్రత వద్ద 30 శాతం మెగ్నీషియం లక్ష్యంగా పొరలను పెంచి, పరస్పరం మార్చుకుని పరీక్షించాలి. గాజు మీద, అంత వాటా వద్ద, ఎంతవరకు స్ఫటికం విడిపోకుండా నిలుస్తుందో, ఎవరి పొర ఏ అంచు దగ్గర ఆగిందో, ఎంతసేపటికి చీకటి స్థితికి తిరిగి వచ్చిందో, విఫలమైనవాటితో సహా అందరికీ అందుబాటులో నమోదు చేయాలి. ఖరీదైన పరీక్షాయంత్రాలు ఉన్న విశ్వవిద్యాలయాలు చిన్న కళాశాలల పొరలకు తమ తలుపులు తెరవాలి. ఈ క్రమశిక్షణ కొన్నేళ్లు సాగితే, పొరను చూసి దాని అంచును ముందే చెప్పగల యువతీయువకులు ఈ జిల్లాలలో తయారవుతారు. వారి చేతిలో ఏ శోధకమూ మూసిన పెట్టెగా మిగలదు.

కాంతిని కొలవడమంటే అనవసరమైన కాంతిని తిరస్కరించడం నేర్చుకోవడం. ఆ తిరస్కారాన్ని పదార్థంలోనే నింపగల అవకాశాన్ని మిశ్రమ లోహ ఆక్సైడ్‌లు ఇస్తున్నాయి. నింపవలసిన సమయం పొర పెరిగే ఆ కొద్ది నిమిషాలే. ఆ నిమిషాలలో వేడిని, గాలిని, నిష్పత్తిని ఓర్పుతో అదుపులో ఉంచడానికి పెద్ద నగరాలూ పెద్ద నిధులూ తోడ్పడవచ్చు గాని, అవి లేకుండా మొదలుపెట్టడం సాధ్యమే. మొదలుపెట్టడానికి ఈ ప్రాంతపు యువతకు ఎవరి అనుమతీ అవసరం లేదు.